ఎడమ పక్క తెలుపు

వేలూరు రోడ్డు షెడ్డులో పద్దెనిమిది వేలన్నారంట.
మా ఆయన మునిరత్నం టీ తాగి వొచ్చేసినాడు.
"టీ డబ్బులు వాడే ఇచ్చినాడు మే" అన్నాడు,
ఆ పూటకు అదే లాభమన్నట్టు.

తొంభై ఏడో సంవత్సరం మారుతి.
ఇరాల, బంగారుపాళ్యం, పులిచెర్ల,
ఏ వారం ఏ ఊరి సంతైతే ఆ ఊరికి
డిక్కీలో స్టీలు సామాను,
వెనక సీట్లో ఒకదాంట్లో ఒకటి దూరిన బకెట్లు,
ముందు ఎడమ పక్క నేను,
ఒళ్లో చిల్లర డబ్బా.

తుప్పు చక్రాల పైన మొదలయింది.
చూసిపోను వొచ్చిన చుట్టం మాదిరి
రెండేండ్లలో ఇల్లంతా తనదే అనుకునింది.

జూన్‌లో ఎఫ్‌సీ.
నాకైతే మాగిన బేనీషా రంగు వెయ్యాలని.
ఆర్సీలో తెలుపని ఉంది,
కాగితం ఒప్పుకోదు.

చేతిలో మూడు వేల నాలుగొందలు.
చీటీ జోలికి పోలేదు, గాజుల జోలికీ పోలేదు.
కంప్రెసరు, పంక్చర్ల ఖాజా మొయిద్దీన్‌ది.
బాడుగ వొద్దన్నాడు.
వాళ్లమ్మకు ఇడ్లీ పాత్ర పంపితే
మూత లూజుగా ఉందని తిప్పి పంపింది, ఇంకొకటిచ్చినాను.

మూడు దినాలు ఉప్పు కాగితంతో రుద్దినాం,
నీళ్లు పోస్తా, రుద్దతా.
గిరింపేట కాలవ మూడు దినాలు తెల్లగా పారింది.
నాలుగో దినం రేషను మిషను
నా బొటనవేలు తీసుకోలేదు.
తుడిచి పెట్టినా, నూనె రాసి పెట్టినా
ఎవరు నువ్వు అన్నట్టు ఎర్రలైటు.
వెనక వరసలో నవ్వినారు.
బియ్యం మా ఆయన వేలితో తెచ్చుకున్న్యాం.

లప్పం పెట్టినాం, ఆరినాక మళ్లీ రుద్దినాం.
అద్దాలకు మైదా పిండితో పాత పేపర్లు.
ముందద్దం మీద మదనపల్లె టమాటా
కిలో రెండు రూపాయలని ఏడస్తా ఉండింది.

గాలి లేవకముందే,
మామిడికాయ లారీలు దుమ్ము లేపకముందే
తెల్లారి నాలుగున్నరకు లేచినాం.
దుమ్మణగను వాకిలంతా నీళ్లు చల్లినాను.
ముగ్గు వెయ్యలేదు.
ఆ పొద్దు తెలుపంతా బండిదే.

మూతికి నా పాత వోణీ కట్టుకోని
ఆయన గన్ను పట్టుకున్నాడు, దీపావళికి
మొదటి టపాకాయ పట్టుకున్న పిల్లోడి మాదిరి.
ఒక చోట చిక్కన, ఒక చోట కారిపాయె.
"దూరంగా పట్టు" అంటే
"నువ్వు దూరంగా నిలబడు" అంటాడు.
బానెట్ మీద ఒక దోమ వాలింది.
మళ్లీ లేవలేదు.
తీసేద్దామంటే గుంత పడతాదని వొదిలేసినాం.

ఎడమ తలుపులు రెండూ మిగిలుండంగా డబ్బా ఖాళీ.
సంతపేట అంగడాయన
ఇంకో కంపెనీది చేతిలో పెట్టి
"తెలుపు తెలుపే గదమ్మా" అన్నాడు.

పగలు తెలుపు తెలుపే.
సందేళ స్తంభం లైటు వెలిగినాక చూస్తే
కుడి పక్క పాలు,
ఎడమ పక్క మజ్జిగ.

ఆయన సంగటి ముద్ద ముట్టలేదు.
మెట్టు మీద కూచోని
గోళ్లలో తెలుపు గీక్కుంటా గీక్కుంటా
చాలాసేపటికి అన్నాడు:
"దాటిపొయ్యే బండ్లన్నీ కుడి పక్కే చూస్తాయి లే.
ఎడమ పక్క చూసేది గుంతలు, మైలురాళ్లు,
ఇంక నువ్వు."

ఓదార్పో తప్పొప్పుకోడమో నాకు తెలీలా.
ఆరిందా లేదా అని నా తలుపు మీద వేలు పెట్టినాను.
ఆరలేదు.
బొటనవేలంత గుంత పడింది,
ఒక్క గీత కూడా లేని ముద్ర.
రుద్ది మళ్లీ కొడతానన్నాడు.
ఉండనీ అన్నాను.

జూన్ పన్నెండు.
బ్రేక్ ఇన్‌స్పెక్టరు చుట్టూ ఒకసారి తిరిగినాడు.
దోమ దగ్గర ఆగినాడు.
నా తలుపు దగ్గర ఇంకొంచెం ఆగినాడు.
ఆయన అరచేతిలో పెన్నునే చూస్తా ఉన్న్యాం ఇద్దరమూ.
రంగు అన్న చోట రాసినాడు, తెలుపు.
రెండు తెలుపులకూ కలిపి ఒకటే మాట.

హారన్ కొట్టమన్నాడు.
దాని సంగతి మేం మర్చేపోయినాం.